చిట్టాకెక్కని జీతాలు: అమెరికా కాథలిక్ బళ్ళను నిలబెట్టిన సిస్టర్లు

1960ల నడుమ అమెరికాలో బడికెళ్ళే ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరికి పైగానే కాథలిక్ బళ్ళలో చదివేవారు. మొత్తం 52 లక్షలకు తక్కువ కాదు. బళ్ళు 13 వేల దాకా ఉండేవి. టీచర్ల జీతాల కింద ప్రభుత్వం పైసా ఇచ్చేది కాదు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ పనివాళ్ళు, రైల్వే కూలీలు, మాంసం కర్మాగారాల్లో పనిచేసేవాళ్ళు. ఐర్లండ్, జర్మనీ, పోలండ్, ఇటలీ దేశాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ వీళ్ళంతా. చాలాచోట్ల ఫీజు నామమాత్రం, కొన్నిచోట్ల అదీ లేదు. ఆదివారం చందా పళ్ళెంలో పడే డబ్బుతో ఇంత పెద్ద వ్యవస్థ ఎలా నడిచింది?

నడిచింది, ఎందుకంటే పాఠం చెప్పేవాళ్ళకు జీతాల్లేవు. నల్లటి పొడుగు అంగీ, తలకు తెల్లటి గుడ్డ కట్టుకున్న సిస్టర్లు తరగతి గదుల్లో ఉండేవారు. 1920ల్లో ఆ బళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది మఠాలకు చెందినవాళ్ళే, అందులోనూ అత్యధికులు ఆడవాళ్ళు. ఇవాళ వాళ్ళ వాటా నూటికి మూడు కూడా లేదు. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందన్నది భక్తికి సంబంధించిన కథ మాత్రమే కాదు, డబ్బు లెక్క కూడా. సిస్టర్ల గురించి రాసేవాళ్ళు ఒకవైపు వాళ్ళ త్యాగాన్ని పొగుడుతారు, ఇంకోవైపు వాళ్ళ చేతిలోని స్కేలును తలుచుకుని నవ్వుతారు. లెక్కల పుస్తకం జోలికి పోయేవాళ్ళు తక్కువ.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మనవైపు కాన్వెంట్ అనగానే టై, బూట్లు, ఫీజు, ఇంగ్లీషు గుర్తొస్తాయి. అమెరికాలోనూ సిస్టర్లు కలిగినవాళ్ళ అమ్మాయిల కోసం అలాంటి అకాడమీలు నడిపారు. కానీ అసలు జనం చదివింది అక్కడ కాదు, చర్చి పక్కనే ఉండే ప్యారిష్ బళ్ళలో. తెలుగు కాథలిక్కులు ప్యారిష్‌ను విచారణ అంటారు. ఒక పేట, దానికో గుడి, ఓ ఫాదర్, గుడి వెనకాల బడి, బడి పక్కన సిస్టర్లు ఉండే ఇల్లు. ఆ పేటలో పుట్టిన పిల్లాడు ఎనిమిదో తరగతి దాకా ఆ నాలుగు గోడలు దాటి వెళ్ళాల్సిన పని ఉండేది కాదు.

సొంత బళ్ళు పెట్టుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది

19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వ బడి అందరిదీ అని చెప్పుకునేది, కానీ దాని అలవాట్లన్నీ ప్రొటెస్టెంట్లవి. పొద్దున్నే చదివించే బైబిల్ ప్రొటెస్టెంట్ల అనువాదం. చరిత్ర పాఠాల్లో పోప్ దాదాపు విలన్. తమ పిల్లలు తమ బైబిలే చదువుకునేందుకు ఒప్పుకోండని 1842లో ఫిలడెల్ఫియా బిషప్ కెన్రిక్ స్కూలు బోర్డును అడిగారు. ఆ అర్జీ చుట్టూ పుకార్లు లేచాయి, బళ్ళలోంచి బైబిల్ తీసేయిస్తున్నారన్నారు. 1844 మే నెలలో ఊరు అంటుకుంది. కెన్సింగ్టన్ పేటలో సెయింట్ మైకేల్ చర్చి తగలబడింది, దాంతోపాటు సిస్టర్ల ఇల్లు కూడా. పదేళ్ళ కిందటే, 1834లో, బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో ఉర్సులైన్ సిస్టర్ల మఠాన్ని ఓ అల్లరిమూక కాల్చేసింది. అంటే ఆ రోజుల్లో మఠం మీద దాడి ఎక్కడో ఓచోట జరిగిన వింత కాదు.

కెన్సింగ్టన్‌లో కాలిన ఇంటి కథ కొంచెం దగ్గరగా చూడాలి. 1833లో డబ్లిన్ నుంచి మేరీ ఫ్రాన్సిస్ క్లార్క్ అనే ఆవిడ, ఆమె స్నేహితురాళ్ళు కొద్దిమంది, ఐరిష్ వలస పిల్లలకు చదువు చెబుదామని ఓడెక్కారు. న్యూయార్క్ రేవులో తాడు నిచ్చెన మీదుగా దిగుతుంటే డబ్బు సంచి పట్టుకున్నావిడ చేయి జారింది, ఉన్నదంతా నీళ్ళపాలైంది. ఫిలడెల్ఫియా చేరి, పగలు పాఠాలు చెబుతూ, కుట్టుపని చేసి పొట్ట పోసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న ఫాదర్ టెరెన్స్ డోనహో అండతో ఒక సభగా, అంటే సిస్టర్ల సంఘంగా, ఏర్పడ్డారు. అదే సిస్టర్స్ ఆఫ్ ఛారిటీ ఆఫ్ ద బ్లెస్డ్ వర్జిన్ మేరీ. పేరు చివరి అక్షరాలతో బి.వి.ఎం. అంటారు. 1843లో అయోవాలో మిసిసిపీ ఒడ్డున ఉన్న డుబ్యూక్ ఊరి బిషప్ పిలిస్తే అటు వెళ్ళిపోయారు. మరుసటి ఏడు గొడవల్లో కాలింది వాళ్ళు వదిలి వెళ్ళిన ఇల్లే.

ఇలాంటి సభలు వందల్లో పుట్టాయి, లేదా ఐరోపా నుంచి దిగాయి. జర్మన్ పిల్లల కోసం బవేరియా నుంచి 1847లో స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోటర్‌డామ్ వచ్చారు, పోలిష్ పిల్లల కోసం 1874లో ఫెలీషియన్ సిస్టర్లు వచ్చారు. వాటన్నిటికీ ముందే, 1809లో, ఎలిజబెత్ సీటన్ అనే వితంతువు, ఐదుగురు పిల్లల తల్లి, మేరీలాండ్‌లోని ఎమిట్స్‌బర్గ్‌లో సిస్టర్స్ ఆఫ్ ఛారిటీని మొదలుపెట్టి పేదపిల్లలకు ఉచిత బడి తెరిచింది. అమెరికాలో పుట్టినవాళ్ళలో మొదట పునీతురాలైంది ఆమే, 1975లో.

1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్పులు ప్రతి విచారణలోనూ రెండేళ్ళలో బడి ఉండి తీరాలని తీర్మానించారు. తీర్మానం తేలికే. ఇటుకలకు చందాలు వస్తాయి, టీచర్లకు నెలనెలా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ప్రశ్నకు బిషప్పుల దగ్గర ఉన్న సమాధానం ఒకటే, సిస్టర్లను పంపండి. ప్రతి ఫాదరూ ప్రతి సభ పెద్దమ్మకూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. రెండేళ్ళ గడువులో ప్రతి ఊళ్ళోనూ బడి రాలేదు, కానీ వచ్చిన బళ్ళు దాదాపు అన్నీ సిస్టర్ల మీదే నిలబడ్డాయి.

ఆ బళ్ళకు చట్టబద్ధంగా ప్రాణం పోసింది కూడా ఒక సిస్టర్ల సభే. ఎనిమిది నుంచి పదహారేళ్ళ పిల్లలంతా ప్రభుత్వ బడికే వెళ్ళాలని 1922లో ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేసింది. హోలీ నేమ్స్ సిస్టర్లు కోర్టుకెక్కారు. 1925లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేస్తూ, బిడ్డ కేవలం రాజ్యం సొత్తు కాదంది. తల్లిదండ్రుల హక్కుల గురించి అమెరికాలో ఎక్కడ వాదన జరిగినా ఆ తీర్పు ఇవాళ్టికీ బయటికొస్తుంది.

తరగతి గదిలో

ఒక్కో గదిలో యాభై, అరవైమంది పిల్లలు. ముందు ఒకే సిస్టర్. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడానికి బోర్డు మీద అడ్డంగా గీత గీసేది. కర్తకూ క్రియకూ మధ్య దాన్ని కోస్తూ నిలువు గీత. విశేషణాలు, క్రియావిశేషణాలు ఆ అడ్డగీత కింద ఏటవాలుగా వేలాడేవి. పెద్ద వాక్యమైతే బోర్డు నిండా కొమ్మలూ రెమ్మలూ. 1877లో రీడ్, కెలాగ్ అనే ఇద్దరు అధ్యాపకులు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి కాథలిక్ బళ్ళకు ట్రేడ్‌మార్క్ అయిపోయింది. ప్రభుత్వ బళ్ళు దాన్ని వదిలేశాక కూడా సిస్టర్లు వదల్లేదు. కారణం ఉంది. అరవైమందికి ఒకేసారి, ఒకే బోర్డు మీద, తప్పొప్పులు కంటికి కనబడేలా నేర్పడానికి అంతకంటే చవకైన సాధనం లేదు. పామర్ పద్ధతి దస్తూరీ, ప్రశ్నకు జవాబు బట్టీ పట్టించే బాల్టిమోర్ సత్యోపదేశం, మార్జిన్ గీసుకోవడం, వరసలో నిలబడడం, వీటన్నిటికీ మూలం గదిలో పిల్లల సంఖ్యే. సిస్టర్ల బోధన శైలి అని మనం దేన్నంటామో అందులో సగం ఈ రద్దీ తయారుచేసింది.

దెబ్బలూ అందులోనివే. వేళ్ళ కణుపుల మీద స్కేలు, ఎడమచేత్తో రాసే పిల్లాడికి బలవంతంగా కుడిచేతి అలవాటు, పదిమందిలో నిలబెట్టి తిట్టడం. ఆ కాలం ప్రభుత్వ బళ్ళలోనూ కొట్టేవాళ్ళు, నిజమే. కానీ తేడా ఉంది. సిస్టర్ కొట్టిందని ఇంట్లో చెబితే ఇంకో రెండు పడేవి. ఆమె మాట దేవుడి మాటకు పక్కనే ఉండేది కాబట్టి పిల్లాడికి చెప్పుకునే చోటే లేదు. ఇంటికి, పేటకు దూరంగా మూలవాసీ పిల్లలను ఉంచిన బోర్డింగ్ స్కూళ్ళలో సిస్టర్లు పనిచేసినచోట జరిగింది దీనికంటే చాలా ఘోరం. భాష, జుట్టు, పేరు లాగేసుకున్న చరిత్ర అది. దాన్ని పేట బడి జ్ఞాపకాలతో కలిపి తూచకూడదు, పక్కన పెట్టేయనూ కూడదు.

సాయంత్రం గంట కొట్టాక కూడా సిస్టర్ పని అయిపోయేది కాదు. విచారణ ఇచ్చే భత్యం ప్రభుత్వ టీచరు జీతంలో చిన్న ముక్క. అది కూడా ఆమె చేతికి రాదు, సభకు వెళ్తుంది. సిస్టర్ అయ్యేటప్పుడు చేసే మూడు ప్రమాణాలు, అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మాటపట్లలో మొదటిదాని ప్రకారం ఆమెకు సొంత డబ్బు ఉండదు. వచ్చే భత్యంతో ఇల్లు గడవక చాలా మఠాల్లో ఒకరిద్దరు సిస్టర్లు సాయంత్రాలు పియానో పాఠాలు చెప్పేవారు. బొగ్గు బిల్లు, పాల బిల్లు ఆ పియానో మీంచి వచ్చేవి. ఏటా వేసవి చివర వచ్చే కాగితం ముక్క వచ్చే ఏడు ఏ ఊరో, ఏ తరగతో చెప్పేది. ఎందుకు అని అడిగే పద్ధతి లేదు.

ఇంకొకటి, భాష సంగతి. పోలిష్, జర్మన్ విచారణల్లో సగం చదువు ఇంటి భాషలోనే సాగేది. షికాగోలో 1916లో ఆర్చిబిషప్ మండలైన్ మామూలు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాలని ఆదేశించాక అది సన్నగిల్లింది. పిల్లలు అమెరికన్లయ్యారు, నాయనమ్మతో మాట్లాడడానికి మాటలు తగ్గాయి. తెలుగు మాధ్యమం గురించి మన దగ్గర జరిగే గొడవలో వినబడే వాదనలన్నీ ఆ పేటల్లో వందేళ్ళ కిందటే వినబడ్డాయి.

1958 డిసెంబరు 1

షికాగో పడమటి వైపు, ఎక్కువగా ఇటాలియన్ కుటుంబాలుండే పేటలో అవర్ లేడీ ఆఫ్ ద ఏంజెల్స్ విచారణ బడి. 1,600 మంది దాకా పిల్లలు. బి.వి.ఎం. సిస్టర్లు నడిపేవారు. ఆ సోమవారం మధ్యాహ్నం, బడి వదలడానికి కాసేపు ఉందనగా, ఉత్తరం వైపు భవనంలో కింది మెట్ల దగ్గర చెత్త డబ్బా అంటుకుంది. చెక్క మెట్లు, చెక్క నేల, ఏళ్ళ తరబడి పూసిన మైనం. పొగ మెట్ల దారినే పై అంతస్తు వరండాలోకి ఎక్కింది. స్ప్రింక్లర్లు లేవు. బయటికి దిగే ఫైర్ ఎస్కేప్ ఒక్కటే. బడిలో మోగే అలారానికి ఫైర్ స్టేషన్‌తో కనెక్షన్ లేదు. కిటికీల నుంచి నేలకు పాతిక అడుగుల దాకా ఉంది.

తొంభై ఇద్దరు పిల్లలు, ముగ్గురు సిస్టర్లు పోయారు. ఒక గదిలో సిస్టర్ తలుపు సందుల్లో పుస్తకాలు కుక్కించి పొగను ఆపింది, ఆ గదిలో దాదాపు అందరూ బతికారు. మరో గదిలో పిల్లలను కూర్చుని ప్రార్థన చేయమన్నారు. విధేయత నేర్పిన బడి అది. నిప్పు ముట్టుకున్న గదిలో కూడా పిల్లలు చెప్పిన మాట విన్నారు. ఆ సిస్టర్లను తప్పుపట్టడం తేలిక, వాళ్ళు కూడా అక్కడే పోయారు కాబట్టి అంతే తేలికగా ఆకాశానికెత్తడమూ తేలికే. అసలు ప్రశ్న భవనం గురించి. దానికి రెండు నెలల ముందే తనిఖీ పాసైంది. 1949 తరువాత కట్టిన బళ్ళకే కొత్త నిబంధనలు వర్తిస్తాయి, పాతవాటికి మినహాయింపు. మార్పులు చేయాలంటే డబ్బు కావాలి. గదికి అరవైమంది, ఒకే సిస్టర్, పాత చెక్క మెట్లు, ఇవన్నీ ఒకే లెక్కలోంచి వచ్చినవి. బడి చవకగా నడవాలి. ఆ తరువాత దేశమంతటా బళ్ళ అగ్నిమాపక నిబంధనలు మార్చుకున్నారు.

బతికిన పిల్లలను కొద్ది రోజుల్లోనే పక్క విచారణల బళ్ళలో కూర్చోబెట్టారు. కౌన్సెలింగ్ అన్న ఆలోచనే లేదు. ఆ టెన్షన్‌ను చాలామంది ముసలితనం దాకా మోశారు. పిల్లలను పోగొట్టుకున్న సిస్టర్లూ అంతే, మళ్ళీ వారం తిరిగేసరికి మరో గదిలో పాఠం. 1960లో కొత్త భవనం లేచింది, 1999లో ఆ బడి మూతపడింది.

చదువుకోని టీచర్లు, చదువుకున్న సిస్టర్లు

రెండో ప్రపంచయుద్ధం తరువాత పిల్లలు పెరిగారు, బళ్ళు పెరిగాయి, ఫాదర్ల ఉత్తరాలు పెరిగాయి. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి మఠంలో చేరితే, శిక్షణ పూర్తవగానే డిగ్రీ లేకుండానే తరగతికి పంపేవారు. తరువాత ప్రతి వేసవి సెలవుల్లో కొన్ని కోర్సులు. అలా చదివితే డిగ్రీ చేతికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టేది. సిస్టర్లే దీనికి ఇరవై ఏళ్ళ ప్లాన్ అని పేరు పెట్టుకుని నవ్వుకునేవారు. 1949లో సిస్టర్ మడలేవా వుల్ఫ్ దీన్ని బహిరంగంగా నిలదీశారు. టీచరుగా పంపేముందు సిస్టర్‌ను కూడా మామూలు టీచరులాగే పూర్తిగా చదివించాలన్నది ఆమె మాట. 1954లో సిస్టర్ మేరీ ఎమిల్ పెనెట్ చొరవతో సిస్టర్ ఫార్మేషన్ కాన్ఫరెన్స్ ఏర్పడింది. అంటే తమకు చదువు కావాలని బిషప్పుల ముందు, ఫాదర్ల ముందు పట్టుబట్టింది సిస్టర్లే. ఫాదర్లకు ఇది రుచించలేదు. సిస్టర్ చదువుకుంటూ కూర్చుంటే ఆ స్థానంలో జీతమిచ్చి మరో టీచరును పెట్టుకోవాలి కదా.

ఆ పట్టుదల ఫలితం పదేళ్ళలో కనబడింది. అగ్నిప్రమాదంలో ముగ్గురిని పోగొట్టుకున్న అదే బి.వి.ఎం. సభ నుంచి సిస్టర్ మేరీ కెనెత్ కెలర్ 1965లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ తీసుకుంది. అమెరికాలో ఆ సబ్జెక్టులో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఆమే. డుబ్యూక్‌లో తమ సభ కాలేజీలోనే కంప్యూటర్ విభాగం పెట్టి ఏళ్ళపాటు నడిపింది. ఆ కాలేజీ పేరు క్లార్క్, రేవులో డబ్బు పోగొట్టుకున్న బృందం పెద్దావిడ పేరే. షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఆకాశహర్మ్యం లాంటి భవనంలో మండలైన్ కాలేజీని 1930లో తెరిచిందీ ఈ సిస్టర్లే. ఆడవాళ్ళు కాలేజీ ప్రెసిడెంటుగా, ఆసుపత్రి అధిపతిగా ఉండడం అమెరికాలో చాలా అరుదైన రోజుల్లో ఆ పని చేసింది మఠాల్లోని ఆడవాళ్ళు. పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, రోజూ కళ్ళారా చూసిన మొదటి మహిళా అధికారి సిస్టర్ హెడ్‌మిస్ట్రెస్.

కానీ ఆ అధికారానికి గోడ ఉంది. బడి భవనం విచారణది. సిస్టర్లు ఉండే ఇల్లు కూడా విచారణదే. షికాగోలో అయితే విచారణల ఆస్తులన్నీ చట్టప్రకారం ఒకే పేరున ఉంటాయి, కాథలిక్ బిషప్ ఆఫ్ షికాగో. డెబ్భై ఏళ్ళు పాఠం చెప్పిన సభకు ఆ స్థలంలో సెంటు భూమి ఉండదు. లాస్ ఏంజెలిస్‌లో ఇమ్మాక్యులేట్ హార్ట్ సిస్టర్లు 1967లో తరగతుల్లో పిల్లల సంఖ్య తగ్గాలని, చదువు పూర్తికాని సిస్టర్లను బోధనకు పంపబోమని, దుస్తులూ ప్రార్థన వేళలూ తామే నిర్ణయించుకుంటామని అన్నారు. అక్కడి ఆర్చిబిషప్ కార్డినల్ మెకింటైర్ ససేమిరా అన్నారు. 1970లో మూడు వందల మందికి పైగా మాటపట్ల నుంచి విడుదల తీసుకుని బయటికొచ్చారు. వార్తల్లో దుస్తుల గొడవే మోగింది. పిల్లల సంఖ్య, టీచర్ల చదువు అన్న రెండు డిమాండ్లు చదివితే అది ఏ ఉపాధ్యాయ సంఘం డిమాండ్ల పత్రమైనా కావచ్చు.

లెక్క తిరగబడ్డప్పుడు

1965లో అమెరికాలో సిస్టర్లు లక్షా ఎనభై వేల దాకా ఉండేవారు. ఇప్పుడు నలభై వేలు కూడా లేరు, వాళ్ళలో చాలామంది ఎనభై దరిదాపుల్లో ఉన్నారు. 1962-65లో ప్రపంచ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ సంస్కరణలే కారణమని కొందరు కాథలిక్కుల వాదన. అది సగం నిజం. మహాసభ తలుపు తెరిచింది, కానీ బయట దారి అప్పటికే పడింది. 1920లో చదువుకున్న ఐరిష్ అమ్మాయికి మఠం అంటే ఉద్యోగం, చదువు, గౌరవం. 1970 నాటి ఆమె మనవరాలికి అవన్నీ మఠం బయటే దొరికాయి. కుటుంబాలు చిన్నవయ్యాయి. పేట జనం శివార్లకు తరలిపోయారు.

సిస్టర్ వెళ్ళిపోయిన కుర్చీలో జీతం తీసుకునే టీచరును కూర్చోబెట్టాలి. అప్పుడు రోడ్ ఐలండ్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు ఆ జీతాల్లో కొంత భరిస్తామన్నాయి. 1971లో లెమన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, మతాన్నీ ప్రభుత్వాన్నీ అంతగా చిక్కుముడి వేయకూడదంది. సిస్టర్లు తగ్గడం, కోర్టు తలుపు మూయడం దాదాపు ఒకే సమయంలో పడ్డాయి. ఇక మిగిలింది ఫీజు పెంచడం. ఫీజు పెరిగితే పేదవాళ్ళు మానేస్తారు, పిల్లలు తగ్గితే ఫీజు ఇంకా పెరుగుతుంది. 13 వేల బళ్ళు ఇవాళ ఆరు వేల లోపు. పిల్లలు పదిహేడు లక్షల దగ్గర. అమెరికాలో కాథలిక్ బడి పేదవాడి బడిగా పుట్టి చాలాచోట్ల మధ్యతరగతి బడిగా మారిందంటే, దానికి కారణం సిద్ధాంతం మారడం కాదు, జీతాల పద్దు.

మిగిలిన పేట బళ్ళ విలువ ఎంతో తెలియడం అప్పుడే మొదలైంది. 1980ల మొదట్లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ బృందం పెద్ద సర్వే చూసి, కాథలిక్ హైస్కూళ్ళలో పేద, నల్లజాతి, లాటినో పిల్లల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయంది. అక్కడికి వచ్చే కుటుంబాలే వేరు కదా అన్న అభ్యంతరం అప్పుడే వచ్చింది, పూర్తిగా తీరలేదు. అయినా ఒక సంగతి గమనించదగ్గది. ఆ బళ్ళు పిల్లలను తెలివిని బట్టి వేర్వేరు సెక్షన్లుగా విడగొట్టడం తక్కువ. అందరికీ ఒకే పాఠం. అది ఆదర్శం కోసం మొదలైన పద్ధతి కాదు, అన్ని రకాల కోర్సులు పెట్టే స్తోమత లేక మొదలైంది. తరువాత అదే మంచిదని తేలింది.

నల్లజాతి పిల్లల విషయంలో సిస్టర్ల చరిత్ర ఒకే రంగులో లేదు. 1829లో బానిసత్వం ఉన్న బాల్టిమోర్‌లో మేరీ లాంజ్ నాయకత్వంలో నల్లజాతి ఆడవాళ్ళు ఆబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ పెట్టుకున్నారు. తెల్లజాతి సభలు చాలా దశాబ్దాలపాటు నల్లజాతి అమ్మాయిలను చేర్చుకోలేదు. మిషిగన్‌లోని మన్రోలో 1845లో, లాస్ ఏంజెలిస్ సభ కాకుండా అదే పేరున్న మరో ఇమ్మాక్యులేట్ హార్ట్ సభను స్థాపించినవాళ్ళలో ఒకరైన థెరెసా మాక్సిస్ ఆ ఆబ్లేట్ సిస్టర్ల నుంచే వచ్చింది. ఆమె నల్లజాతి మూలాల ఊసు ఆ సభ చరిత్రలో చాలాకాలం ఎత్తలేదు. అదే సమయంలో, నల్లవాళ్ళకు వేరే బడి అన్న చట్టం నడిచిన సవానాలో ఐరిష్ సిస్టర్లు చదువు చెప్పిన పిల్లాడు క్లారెన్స్ థామస్. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ప్యూర్టోరికన్ ఇంటి పిల్ల సోనియా సోటోమయర్ చదివిన విచారణ బడి 2013లో మూతపడింది. ఇద్దరూ అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలయ్యారు, థామస్ సంప్రదాయవాదుల కొసన, సోటోమయర్ ఉదారవాదుల కొసన. ఇద్దరినీ చూపించి సిస్టర్లు ఫలానా రకం మనుషులను తయారుచేశారని చెప్పడం కుదరదు.

ఇక ముసలితనం. భత్యం చిన్నది, పింఛను లేదు. 1972 దాకా సిస్టర్ల సభలకు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకంలో చేరే వీలే లేదు. చేరాక కూడా లెక్కకట్టిన ఆదాయం తక్కువ కాబట్టి వచ్చేదీ తక్కువే. కొత్తగా చేరేవాళ్ళు లేక, ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళు లేక, అనేక సభలు చిక్కుల్లో ఉన్నాయని 1986లో పత్రికల్లో వచ్చాక కాథలిక్కులు ఉలిక్కిపడ్డారు. 1988 నుంచి ఏటా డిసెంబరులో దేశమంతటా చర్చిల్లో వాళ్ళ కోసం ప్రత్యేక చందా పడుతున్నారు. ఇప్పటిదాకా వంద కోట్ల డాలర్లు దాటింది, అవసరానికి అదీ చాలడం లేదు. ఆ పళ్ళెంలో డబ్బులేసేవాళ్ళలో చాలామంది ఆ సిస్టర్ల దగ్గర ఉచితంగా చదువుకున్నవాళ్ళే. ఆలస్యంగా కడుతున్న ఫీజు అనుకోవాలి. డుబ్యూక్‌లో బి.వి.ఎం. సిస్టర్లు తమ మౌంట్ కార్మెల్ స్థలంలో వృద్ధుల నివాసాన్ని ప్రొటెస్టెంట్లలో ఒక శాఖైన ప్రెస్బిటేరియన్ మూలాలున్న ఒక సంస్థతో కలిసి నడుపుతున్నారు. 1844లో ఇది చెబితే రెండు వైపులవాళ్ళూ నమ్మేవారు కాదు.

మన దగ్గర లెక్క వేరు

తెలుగు నేల మీదికి సిస్టర్లు దాదాపు అదే కాలంలో వచ్చారు. 1849లో యానాంలో అనెసీ సెయింట్ జోసఫ్ సిస్టర్లు, 1871లో సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ సిస్టర్లు, 1904లో నెదర్లాండ్స్ నుంచి గుంటూరుకు జె.ఎం.జె. సిస్టర్లు. కానీ డబ్బు దారి మొదటినుంచీ వేరు. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ అనే విద్యావిధాన పత్రం తరువాత బ్రిటిష్ ప్రభుత్వం ప్రైవేటు బళ్ళకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది, మిషన్ బళ్ళకు కూడా. స్వతంత్రం వచ్చాక అదే ఎయిడెడ్ పద్ధతిగా స్థిరపడింది. సిస్టర్ టీచరుకు ప్రభుత్వ స్కేలు ప్రకారం జీతం, ఆ జీతం సభకు. అమెరికాలో సిస్టర్ శ్రమ ప్రభుత్వం ఇవ్వని డబ్బుకు ప్రత్యామ్నాయం. ఇక్కడ ఆ శ్రమకు ప్రభుత్వమే డబ్బిచ్చింది, దాంతో సభలు మరో బడి, మరో హాస్టలు, మరో ఆసుపత్రి కట్టగలిగాయి.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందినో, సంస్థనో అప్పగించాలన్న దారి పట్టినప్పుడు విశాఖ, విజయవాడల్లో తల్లిదండ్రులు రోడ్డెక్కింది ఇందుకే. ఎయిడ్ పోతే ఫీజు వస్తుంది. అమెరికాలో 1971 తరువాత జరిగింది వాళ్ళెవరూ చదివి ఉండకపోవచ్చు, లెక్క మాత్రం సరిగ్గానే వేసుకున్నారు. చివరికి ఆ ఏడాది నవంబరులో, అప్పగింతకు ఒప్పుకున్న సంస్థలు కావాలంటే వెనక్కి తగ్గే వీలు ప్రభుత్వం కల్పించింది.

జీతం ఎవరిదన్న ప్రశ్న మాత్రం వేరే దారిలో కోర్టుకెక్కింది. ఎయిడెడ్ బళ్ళలో పనిచేసే ఫాదర్లు, సిస్టర్ల జీతాల మీద ఆదాయపన్ను కోత ఉండకూడదని తమిళనాడు, కేరళ సభలు వాదించాయి. మాటపట్టు తీసుకున్న మనిషికి లౌకిక జీవితం ముగిసినట్టే, జీతం ఆమెది కాదు, సభది, కాబట్టి పన్ను వేయడానికి అక్కడ వ్యక్తే లేదన్నది వాళ్ళ వాదన. మద్రాసు హైకోర్టు 2019లో, సుప్రీంకోర్టు 2024 నవంబరులో దాన్ని తోసిపుచ్చాయి. జీతం ఆ టీచరు చేసిన పనికి వచ్చింది, ఆమె పేరునే వచ్చింది, తరువాత దాన్ని ఎవరికిచ్చినా పన్ను వర్తిస్తుందన్నాయి. ఎయిడెడ్ బడి జీతాల పట్టీలో ఇప్పుడు సిస్టర్ పేరు పక్కన కూడా పన్ను కోత గడి నింపుతున్నారు.